మా పాపకు బరువెక్కువ, పనావిడ కూతురికి ఎత్తు తక్కువ. ఇద్దరి చేతిలోనూ అదే బిస్కెట్ ప్యాకెట్!

బెంగళూరు తెలుగువాళ్ల చర్చా వేదిక › పిల్లలు, ఆరోగ్యం

బెళ్లందూరు అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు ఈ మధ్యే నాలుగేళ్లు నిండాయి. ప్లేస్కూల్లో హెల్త్ చెకప్ చేసి ఒక కాగితం పంపారు. ఎత్తు 104 సెంటీమీటర్లు, బరువు 22 కిలోలు, పక్కన ఎర్ర ఇంకుతో ఓవర్‌వెయిట్ అని. మా అత్తగారు అది చూసి, "పిల్ల కాస్త ఒళ్లు చేస్తే చాలు, అందరి కళ్లూ దాని మీదే" అని ఆ సాయంత్రమే దిష్టి తీసేశారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది.

ఇంకో సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆవిడది కదిరి దగ్గర పల్లె. ఆవిడ కూతురికీ ఇంచుమించు ఇదే వయసు. అప్పుడప్పుడు వెంట తెస్తుంది, ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. ఊరికే ఆ పిల్లని కూడా గోడకు ఆనించి కొలిచాను. 93 సెంటీమీటర్లు, పన్నెండున్నర కిలోలు. ఆవిడను అడిగితే "అంగన్‌వాడీలో తూకం వేసినారక్కా, సరిపోయిందన్నారు" అంది.

వింతేమిటంటే ఇద్దరికీ ఇష్టమైనవి ఒకటే. క్రీమ్ బిస్కెట్లు, పది రూపాయల మసాలా ప్యాకెట్లు, డబ్బాలో మామిడి జ్యూస్. అదే తిండికి ఒకరు అలా, ఒకరు ఇలా ఎందుకు అవుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

వైట్‌ఫీల్డ్ నాన్న

జీన్స్ అండీ. తల్లిదండ్రులు పొట్టిగా ఉంటే పిల్లలూ పొట్టిగానే ఉంటారు. మీ పాప విషయంలో కూడా కంగారు పడకండి, ఎత్తు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. మావాడూ అంతే.

రాగిసంగటి

అమ్మగారూ, ఇద్దరిదీ ఒకే తిండి అని మీరెలా అనుకున్నారు? మీ ఇంట్లో ఉన్నంతసేపు తినేది ఒకటే. మీ పాప పొద్దున ఇడ్లీ, గ్లాసుడు పాలు, మధ్యాహ్నం పప్పూ నెయ్యీ అన్నం, గుడ్డు, పండు తిని, ఆ పైన బిస్కెట్లు తింటోంది. ఆ పాప వాటన్నిటికీ బదులు బిస్కెట్లు తింటోంది. ప్యాకెట్ ఒకటే అయినా, ఒక చోట అది అన్నం మీద పడుతోంది, ఇంకో చోట అన్నాన్ని పక్కకు నెడుతోంది.

నేను డైటీషియన్‌ని, సర్జాపుర రోడ్డులో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా మొదటి రకమే. రెండో రకం వాళ్లు డైటీషియన్ దగ్గరికి రారు.

పిల్లల డాక్టరు

జయనగర్‌లో ప్రాక్టీస్ చేస్తాను. మీరు అంకెలు ఇచ్చారు కాబట్టి సులువైంది.

ఐదేళ్లలోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికలనే మనం వాడుతున్నాం. నాలుగేళ్లు నిండిన ఆడపిల్లకు నడిమి ఎత్తు 102.7 సెంటీమీటర్లు, నడిమి బరువు 16.1 కిలోలు. ఇంతకంటే తగ్గితే తక్కువని లెక్కపెట్టే కింది గీత ఎత్తుకు 94.1, బరువుకు 12.3. ఇప్పుడు ఆ పాపను చూడండి. బరువు గీతకు కాస్త పైనే ఉంది కాబట్టి అంగన్‌వాడీలో చెప్పింది అబద్ధం కాదు. ఎత్తు మాత్రం గీత కిందికి పోయింది. మరి ఆ ఎత్తుకు ఆ బరువు సరిపోతుందా అని చూస్తే, సరిపోతుంది. అంటే పిల్ల బక్కచిక్కి లేదు, ఎదగకుండా ఆగిపోయింది. మేము స్టంటింగ్ అనేది దీన్నే. చూడగానే జబ్బు పిల్లలా కనిపించదు, చిన్న పిల్లలా కనిపిస్తుంది. కొత్తవాళ్లు చూస్తే మూడేళ్లు కూడా నిండలేదనుకుంటారు.

మీ పాప ఎత్తు నడిమికి కాస్త పైనే, బాగుంది. ఆ ఎత్తుకు 22 కిలోలు పై గీత దాటిన బరువు. స్కూలువాళ్లు రాసింది కరెక్టే. "పెరిగేకొద్దీ తగ్గిపోతుంది" అని ఊరుకోవడం మాత్రం వద్దు. కొందరికి తగ్గుతుంది, చాలామందికి తగ్గదు.

ఒక మాట. ఇంట్లో కొలిచేటప్పుడు ఒకట్రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ పాప గీతకు దగ్గరలోనే ఉంది కాబట్టి సరిగ్గా ఇంకోసారి కొలిపించండి.

ములబాగిలు టీచర్

కొలత సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మాది ములబాగిలు, ఇంట్లో తెలుగు, సెంటర్‌లో కన్నడం. ప్రస్తుతం మహదేవపుర వైపు చేస్తున్నా.

ఎత్తు కొలవడం చూసినంత సులువు కాదండి. ఆడపిల్లలకు నడినెత్తిన పిలక కట్టి, రిబ్బను పెట్టి పంపుతారు. అది విప్పకుండా కొలిస్తే రెండు సెంటీమీటర్లు ఊరికే వచ్చేస్తాయి. మడమలు, పిరుదులు, తల వెనక భాగం పలకకు ఆనాలి. ఒకరు మోకాళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు గడ్డం పట్టుకుని చూపు నేరుగా ఉంచాలి. మా దగ్గర టీచర్, ఆయా, ఇద్దరమే. మిగతా పిల్లలు ఆ సమయానికి గోల చేస్తుంటారు. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. పడుకోబెడితే నిలబెట్టినదానికంటే 0.7 సెంటీమీటర్ ఎక్కువ వస్తుంది, దాన్ని కూడా లెక్క చూసుకోవాలి. తూకమైతే ఇట్టే అయిపోతుంది. అందుకే తల్లులకు బరువే చెప్తాం, తల్లులూ బరువే అడుగుతారు.

మీరు చెప్పిన ఇద్దరూ కాక మూడో రకం పిల్ల మా సెంటర్‌లో ఉంది. ఆ పాపకూ నాలుగేళ్లే. ఎత్తు 93, బరువు 17 కిలోలు. తూకం ఒక్కటే చూస్తే బంగారం, నడిమి కంటే పైనే. తాతకి చిల్లర కొట్టు ఉంది, పిల్ల పొద్దంతా ఆ కొట్టులోనే. టీలో బన్ను ముంచుకుని తింటుంది, సీసా మూతలు తెరిచి చాక్లెట్లు తీసుకుంటుంది. అన్నం దగ్గర మాత్రం నోరు తెరవదు. బుగ్గలు ఇంతింత. ఎత్తు చూస్తే ఎర్ర గీత కింద, ఎత్తుకు బరువు చూస్తే పై గీత దాటింది. డాక్టరు గారు చెప్పిన రెండు తేడాలూ ఒకే పిల్లలో ఉన్నాయి. "మీ పాపకు పోషణ చాలడం లేదు" అంటే ఆ తాత నవ్వి, "నీ త్రాసు చెడిపోయినట్టుంది టీచరమ్మా" అన్నాడు.

బెళ్లందూరు అమ్మ

అమ్మో, అలా కూడా ఉంటుందా! బొద్దుగా ఉండి పోషణ చాలకపోవడం ఏమిటి?

పిల్లల డాక్టరు

ఉంటుందండి. ఎముక సాగడానికి, కండ పట్టడానికి కావలసింది వేరు. మంచి ప్రొటీను, జింకు, ఐరన్, కాల్షియం, మాటిమాటికీ విరేచనాలు కాని పేగు. కొవ్వు చేరడానికి మాత్రం పిండి, చక్కెర, నూనె చాలు. మొదటివి దొరక్క, రెండోవి పుష్కలంగా దొరికితే పిల్ల నిలువుగా ఆగిపోయి అడ్డంగా పెరుగుతుంది. టీచర్ గారు చెప్పిన పాపకు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువ రావచ్చు, ఆ బుగ్గలు చూసి ఎవరూ నమ్మరు.

లెక్కల మాస్టారు

కొంచెం నీళ్లు చల్లుతాను, ఏమీ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తు తక్కువవాళ్లు 35.5 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 19.3 శాతం. అధిక బరువువాళ్లు 3.4 శాతం. అంటే పొట్టిగా ఉండిపోయినవాళ్లు పదిమంది ఉంటే లావైనవాళ్లు ఒక్కరు. ఆ ఒక్కరి గురించే అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రోజూ చర్చ. జుంబా క్లాసులు, షుగర్ ఫ్రీ కేకులు. ఆ పదిమంది తల్లులకు ఇలాంటి వేదికలుంటాయని కూడా తెలియదు. రెండిటినీ ఒకే పళ్లెంలో పెట్టి "జంట సమస్య" అంటే అసలు సమస్య పలచబడదా?

వైట్‌ఫీల్డ్ నాన్న

అదే నేననేది. పైగా ఆ 35 శాతం కూడా నిజమేనా? మన పిల్లల్ని నార్వే పిల్లలతో పోల్చి పొట్టివాళ్లంటే ఎలా? ఆర్థికవేత్త అరవింద్ పనగరియా 2013లోనే ఈ ప్రశ్న వేశారు.

పిల్లల డాక్టరు

వేశారు, దాని మీద చాలా వాదన జరిగింది. కానీ ఆ పట్టికలు నార్వే పిల్లలవి మాత్రమే కావు. ఆరు దేశాల పిల్లల్ని కొలిచి చేశారు, వాటిలో మన దక్షిణ ఢిల్లీ ఒకటి. తల్లిపాలు తాగి, ఇంట్లో తిండికీ శుభ్రతకూ లోటు లేని పిల్లల్ని ఎంచుకున్నారు. అలాంటి ఇళ్లలో మన పిల్లలూ మిగతా దేశాల పిల్లలకు దగ్గరగానే పెరిగారు. ఏ ఒక్క పిల్లదో, పిల్లాడిదో ఎత్తు గురించైతే తల్లిదండ్రుల ఎత్తు చూడాల్సిందే, ఒప్పుకుంటాను. ఊళ్లకు ఊళ్లే పొట్టిగా ఉంటే జీన్స్ మీదికి తోసేయలేం.

లెక్కల మాస్టారు

నాన్నగారూ, ఈ విషయంలో నేను డాక్టరు గారి పక్షం. అదే సర్వేలో కర్ణాటక 35.4, తమిళనాడు 25.0. అత్తిబెలె టోల్‌గేటు దాటి హోసూరులోకి అడుగుపెట్టగానే జీన్స్ మారిపోతాయా? అటు పక్కా ఇటు పక్కా మన తెలుగువాళ్లే. తెలంగాణలో అయితే 2015-16లో 28.0 ఉన్నది 33.1కి పెరిగింది. నాలుగైదేళ్లలో జీన్స్ మారవు.

వైట్‌ఫీల్డ్ నాన్న

హోసూరు దెబ్బ బాగా తగిలింది 😀 సరే, ఒప్పుకున్నా.

రాగిసంగటి

మాస్టారూ, మీ లెక్క సరే కానీ, ఆ 3.4 అంతకుముందు సర్వేలో 2.1. అటు ఎత్తు తక్కువవాళ్లు 38.4 నుంచి 35.5కి, మెల్లగా తగ్గుతున్నారు. ఇటు లావు వేగంగా పెరుగుతోంది. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనతా తగ్గకపోగా 58.6 నుంచి 67.1కి పోయింది. మా రంగంలో ఇప్పుడు ఎవరూ ఇవి రెండు వేరు వేరు జబ్బులనుకోవడం లేదు. 2019 డిసెంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రిక దీని మీదే వరుసగా వ్యాసాలు వేసింది. ఒకే ఇంట్లో తల్లి లావు, బిడ్డ పొట్టి. ఒకే మనిషి చిన్నప్పుడు బక్క, పెద్దయ్యాక షుగర్. ఇంట్లో నాలుగు రాళ్లు రావడం మొదలైన కొత్తలో ఇంటికి ముందు వచ్చేది గుడ్డూ పాలూ కావు, నూనె ప్యాకెట్టూ చక్కెరా మైదా.

మొన్న 2025లో యునిసెఫ్ చెప్పిన లెక్క కూడా చూడండి. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయులు 9.4 శాతం, తక్కువ బరువువాళ్లు 9.2 శాతం. ఊబకాయం ముందుకు రావడం ఇదే మొదటిసారి. దక్షిణాసియాలో ఇంకా తిరగబడలేదు. మనం ఆ దారిలోనే ఉన్నాం.

కేఆర్‌పురం అమ్మమ్మ

నాయనా, మీ అంకెలు నాకు తలకెక్కవు గానీ ఒకటి చెప్తా వినండి. మేం ఐదుగురు పిల్లల్ని సాకినాం. ఆరో నెలలో అన్నం ముట్టించి, పప్పుకట్టు, చారు నీళ్లతో అన్నం మెత్తగా పిసికి పెట్టేవాళ్లం. డబ్బా పిండి ఎరగం. ఇప్పుడు మా మనవరాలు రెండేళ్ల పిల్లకు ఫోన్ చూపించి నోట్లో కుక్కుతుంది. పిల్ల ఏం తింటాందో పిల్లకే తెలీదు. ఆకలి అనకముందే పెట్టేస్తారు, ఇంక ఆకలి ఎక్కడ నుంచి వస్తుంది?

పిల్లల డాక్టరు

అమ్మమ్మగారూ, ఫోన్ సంగతిలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. పప్పుకట్టు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పైన తేరిన నీళ్లలో ఏమీ ఉండదు, సత్తువంతా అడుగున పప్పులో ఉంటుంది. ఆరో నెల దాటిన బిడ్డ పొట్ట చిన్నది, అందులో నీళ్లు నింపితే అన్నానికి చోటు ఉండదు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. పప్పు మెదిపి, కాస్త నెయ్యి, ఎనిమిదో నెలకల్లా గుడ్డు, ఆకుకూర. ఇది పేదింటి సమస్య మాత్రమే కాదండోయ్. మాస్టారు చెప్పిన సర్వేలోనే, ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లల్లో కనీస స్థాయి ఆహారం అందుతున్నవాళ్లు దేశంలో 11.3 శాతమే. ఉన్న ఇళ్లలోనూ పరిస్థితి అంత గొప్పగా లేదు. అక్కడ కారణం డబ్బు కాదు కదా.

కేఆర్‌పురం అమ్మమ్మ

మా అత్త అదే నీళ్లు పెట్టి పెంచింది నా మొగుడ్ని. ఆరడుగులున్నాడు. అయినా డాక్టరువి, నువ్వు చెప్తే వింటా.

షెడ్ల పక్కన

ఇన్ని రోజులూ చదివి ఊరుకున్నాను, ఇవాళ రాయాలనిపించింది. వర్తూరు దాటాక కడుతున్న టవర్ల వెనక రేకుల షెడ్లుంటాయి. అక్కడ పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే వాలంటీర్లలో నేనొకణ్ణి. రాయచూరు, యాదగిరి, మహబూబ్‌నగర్, అనంతపురం వాళ్లే ఎక్కువ. సగం మందికి తెలుగు వచ్చు.

తల్లి ఎనిమిదింటికి ఇటుకలు మోయడానికి పోతుంది. పొయ్యి ఒకటే, వంట పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. చంకలో పిల్లాడిని ఏడేళ్ల అక్కకు అప్పగించి, ఆ అక్క చేతిలో పదో ఇరవయ్యో పెడుతుంది. ఏడేళ్ల పిల్ల ఏం వండగలదు? షెడ్ల గేటు దగ్గర కొట్టు ఉంటుంది, తోరణాల్లా వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లు. ఉడికించిన గుడ్డు ఆ కొట్లో ఉండదు. ఉన్నా ఆరేడు రూపాయలు పెట్టి ఒకటి కొని ఇద్దరికి పంచడం కంటే, ఐదు రూపాయల ప్యాకెట్ కొంటే ఇద్దరి ఏడుపూ ఆగుతుంది. ఆ పిల్లలకు ఆకలి తెలియదు, కడుపు ఎప్పుడూ దేనితోనో నిండే ఉంటుంది. మాస్టారు ఆకలి పిల్లలు, లావు పిల్లలు అని విడదీశారు. నేను చూసిన చోట ఆకలికి మందుగా అమ్ముతున్నదే ఆ ప్యాకెట్.

నీళ్లు ట్యాంకరువి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు వాడితే తిట్లు. విరేచనాలు వస్తాయి, తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. నాకు మందులూ పట్టికలూ తెలియవు గానీ, తిన్న కాస్త తిండి కూడా వాళ్ల ఒంటికి పట్టడం లేదని మాత్రం తెలుసు.

లెక్కల మాస్టారు

మీ చివరి వాక్యాలు నా లెక్కలో లేనివి. ఇక వాదించను.

హిందూపురం కోడలు

డాక్టరు గారూ, నాకిప్పుడు నాలుగో నెల. ఈ చర్చ చదువుతుంటే భయమేస్తోంది. మా అమ్మకు, నాన్నకు ఇద్దరికీ షుగర్. కడుపులో ఉన్నప్పుడే ఇదంతా మొదలవుతుందని ఎక్కడో విన్నాను, నిజమేనా?

పిల్లల డాక్టరు

భయం అక్కర్లేదు, కానీ నిజమే.

పుణేలో డాక్టర్ యాజ్నిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండులో సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూసింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. బక్క బిడ్డలే. కానీ తగ్గిందంతా కండలో, లోపలి అవయవాల్లో. చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు వాళ్లతో సమానంగా ఉంది. సన్నగా కనిపించే కొవ్వు బిడ్డలన్నమాట. తల్లికి పోషణ చాలకపోతే కడుపులో బిడ్డ కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుంది. తర్వాత ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టినవాళ్లను పెద్దయ్యేదాకా వెంబడించి కొలిచిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. ముప్పై ఏళ్లు రాకముందో, వచ్చిన కొత్తలోనో షుగర్ గానీ, దానికి ముందు మెట్టు గానీ వచ్చినవాళ్లు రెండేళ్ల వయసు దాకా సన్నగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా ఏటేటా తోటివాళ్ల కంటే వేగంగా ఒళ్లు చేసినవాళ్లు. పన్నెండేళ్లప్పుడు వాళ్లలో ఒక్కరూ ఊబకాయులు కారు. చూస్తే మామూలు పిల్లలే.

రెండో వైపు సంగతి మన పక్కనే మైసూరులో తేలింది. హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1997-98లో మొదలుపెట్టిన అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లుల పిల్లలకు తర్వాతి ఏళ్లలో కొవ్వు ఎక్కువ చేరింది. తల్లికి పోషణ తక్కువైనా, రక్తంలో చక్కెర ఎక్కువైనా బిడ్డ చేరేది ఒక్క చోటికే.

మీరు చేయాల్సింది: ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉంది కాబట్టి ఆ పరీక్ష ఇప్పుడే ఒకసారి, ఆరో నెలలో ఇంకోసారి. ఐరన్ మాత్రలు 180 రోజులకు తగ్గకుండా. "ఇద్దరి కోసం తినాలి" అని అత్తగారు స్వీట్లు పెడితే గుడ్డో, పెరుగో అడిగి పుచ్చుకోండి.

హిందూపురం కోడలు

చాలా థాంక్స్ డాక్టరు గారూ. ఆరో నెలకు మా ఊరు వెళ్లిపోతాను, పరీక్ష అక్కడ చేయించుకుంటాను.

బెళ్లందూరు అమ్మ

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా ఇద్దరు పిల్లల సంగతి చెప్పండి. (ఆ పాపను కూడా కలిపేసుకున్నా!) మా పాపకు అన్నం తగ్గించి, రాత్రికి ఓట్స్ పెట్టనా? పాలలో కలిపే మాల్ట్ పొడి మానేయాలా? అది ఎత్తు పెరగడానికని కొన్నాం. ఆ పాపకు కూడా ఒక డబ్బా కొనిద్దామనుకుంటున్నా.

రాగిసంగటి

ఆ డబ్బా ఆ పాపకు వద్దు, మీ పాపకూ వద్దు. వెనక అట్ట మీద చక్కెర ఎంతో చదవండి, కొన్నిట్లో మూడో వంతు అదే ఉంటుంది. వీటిని హెల్త్ డ్రింకుల వరుసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది కూడా. ఆ డబ్బుకు ఆ పాపకు గుడ్లు కొనివ్వండి.

మీ పాపకు డైటింగ్ మాట ఎత్తకండి. నాలుగేళ్ల పిల్లకు బరువు తగ్గించం. ఇప్పుడున్న బరువు దగ్గర నెమ్మదిగా ఉంచితే ఎత్తు వచ్చి సర్దుకుంటుంది. అన్నం, పప్పు, కూర, పెరుగు, గుడ్డు మామూలుగానే. జ్యూస్ పూర్తిగా ఆపండి, పండు కొరికి తిననివ్వండి. బిస్కెట్ల డబ్బా ఇంట్లో లేకపోతే గొడవే లేదు, ఉంటే మాత్రం అత్తగారి చేతిలోంచి ఆపలేరు. సాయంత్రం రాగి దోసె, ఉడికించిన శనగలు, పల్లీలు. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే రాగిజావలో బెల్లం కుమ్మరిస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఇక ఆట. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజంతా కలిపి మూడు గంటలు కదలాలని, స్క్రీన్ గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీ అపార్ట్‌మెంట్లో లాన్ మీద ఆడొద్దని బోర్డు ఉందా? మా దాంట్లో ఉంది. నెలనెలా మెయింటెనెన్స్ మాత్రం పిల్లల ప్లే ఏరియా పేరు మీద లాగుతారు.

షెడ్ల పక్కన

అమ్మగారూ, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. బర్త్‌డే పార్టీల్లో మిగిలిన కేకులూ చిప్సూ మూటగట్టి పనివాళ్ల పిల్లలకు ఇవ్వడం మన అపార్ట్‌మెంట్లలో మామూలే. పండ్లు మిగిలితే మాత్రం ఫ్రిజ్‌లోకి పోతాయి.

బెళ్లందూరు అమ్మ

కోపం ఎందుకండీ. కానీ పిల్ల ఎదురుగా నిలబడి చూస్తుంటే, మా పాప తింటూ ఉంటే, దానికి ఇవ్వకుండా ఎలా ఉంటాం? ఇవ్వకపోతే ఇంకా పాపం కదా.

రాగిసంగటి

ఇద్దరికీ అరటిపండు ఇవ్వండి. పేచీ తీరిపోతుంది.

పిల్లల డాక్టరు

ఆ పాప విషయంలో ఒక జాగ్రత్త. ఎత్తు తక్కువని తెలిసిన వెంటనే చాలామంది ఒళ్లు పట్టించే పనిలో పడతారు. నూనె, నెయ్యి, స్వీట్లు, పొడులు. ఆ పిల్ల ఎత్తుకు బరువు సరిగానే ఉంది, మనకు కావలసింది ఎత్తు. ఇప్పుడు పిండీ చక్కెరా పెట్టి బరువు పెంచితే టీచర్ గారి మూడో పిల్లలా తయారవుతుంది. రోజూ ఒక గుడ్డు, పాలో పెరుగో, చిక్కటి పప్పు, ఆకుకూర. హిమోగ్లోబిన్ చూపించండి. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీలోనే ఉచితంగా వేస్తారు. ఎత్తు మూడు నెలలకోసారి కొలిచి రాసిపెట్టండి. నిజం చెప్పాలంటే, రెండేళ్లలోపు పోయిన ఎత్తులో కొంతే తిరిగి వస్తుంది. ఎక్కువ ఫలితం దక్కేది ఆ పాప తర్వాత పుట్టే బిడ్డ దగ్గర.

బెళ్లందూరు అమ్మ

డాక్టరు గారూ, ఈ మాట మీరు అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆవిడకిప్పుడు ఐదో నెల. పొద్దున టీ, రస్కు తాగి వస్తుంది. ఐదిళ్లు చేసి ఒంటిగంటన్నరకు ఇంటికెళ్లి తింటుంది.

ములబాగిలు టీచర్

అయ్యో, ఇది ముందే చెప్పాల్సిందమ్మా! కర్ణాటకలో గర్భిణులకు, బాలింతలకు మాతృపూర్ణ పథకం ఉంది, 2017 నుంచి నడుస్తోంది. అంగన్‌వాడీలోనే మధ్యాహ్నం వేడి భోజనం. అన్నం, సాంబారు, ఆకుకూర, గుడ్డు, పాలు, పల్లీ చిక్కీ. పిల్లలకు క్షీరభాగ్య పథకం కింద పాలు. బయటి రాష్ట్రం వాళ్లైనా ఫరవాలేదు, ఇక్కడ ఉంటున్నారు కాబట్టి పేరు ఎక్కించుకుంటాం. పిల్లకు ఆధార్ లేకున్నా తల్లిది చాలు.

ఇబ్బంది ఒక్కటే. పనికి పోయే ఆడవాళ్లు మధ్యాహ్నం భోజనానికి రాలేరు. మా సెంటర్‌లో పన్నెండున్నరకు వడ్డిస్తాం. పేరు రాయించుకుని మొదటి వారం వచ్చి, తర్వాత మానేసినవాళ్లు చాలామంది. అడిగితే ఒకటే జవాబు: "ఆ టైముకు మేడమ్ వాళ్లింట్లో గిన్నెలు తోముతుంటాను."

బెళ్లందూరు అమ్మ

ఆ మేడమ్‌లలో నేనూ ఉన్నాను లెండి, మాది చివరి ఇల్లు. పన్నెండింటికి వస్తుంది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఏ టైమైనా సరే. మూడింటికి రమ్మంటాను. నాలుగో ఇంటివాళ్లతో మాట్లాడాలి, వాళ్లు కొంచెం స్ట్రిక్టు.

వైట్‌ఫీల్డ్ నాన్న

మధ్యాహ్నం ఒకసారి ఇంటికి పోయి మళ్లీ మూడింటికి రావాలంటే ఆవిడకు రెండు ట్రిప్పులు అవుతాయి. ఎండలో, ఐదో నెలతో. మీ వీలు కాదు, ఆవిడకు వీలవుతుందా అని అడిగి చేయండి.

బెళ్లందూరు అమ్మ

అదీ నిజమే. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. "నాకు మూడింటికి వద్దక్కా, పొద్దున ఆరున్నరకే మీ ఇల్లు చేసేస్తా, పన్నెండుకు ఖాళీ అవుతా" అంటోంది. ఆరున్నరకు మా ఇంట్లో ఎవరూ లేవరు. నేను లేస్తాను, ఏం చేస్తాం. టీచర్ గారూ, పేరు రాయించడానికి ఏమేం కావాలి?

ములబాగిలు టీచర్

ఆవిడ ఆధార్, తాయి కార్డు (గర్భిణులకు ఇచ్చే తల్లి కార్డు). తాయి కార్డు చేయించలేదంటే ముందు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పంపండి, అక్కడ ఆశా కార్యకర్త రాయిస్తుంది, ఐరన్ మాత్రలూ అక్కడే ఇస్తారు. సెంటర్‌కు పొద్దున పదిలోపు రమ్మనండి, తర్వాత వంట పనిలో పడతాం. పిల్లను కూడా తీసుకురమ్మనండి, ఎత్తు మళ్లీ కొలవాలి. పిలక వేయకుండా.